నిన్నటి పాలు ఇవాళ పట్టరు

(ఛారిటీ పరుగుకి కొత్తగా పేరిచ్చినవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న ప్రశ్న. శిక్షణ మొదలుపెట్టి మూడు వారాలు దాటినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. బాగుంది, సగం మంది పైనే ఉన్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ మూడు వారాల్లో కాగితం మీద రాసుకున్నది ఒక్క రోజు కూడా తప్పకుండా చేసినవాళ్ళు ఎంతమంది? చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఇబ్బంది పడకండి. నాకూ లేవదు.

ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ తప్పిన రోజుల గురించే. ఎలా పరిగెత్తాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా చెప్తారు. పరిగెత్తలేకపోయిన రోజుని ఏం చెయ్యాలి? అది మాత్రం నాకెవరూ చెప్పలేదు. అది తెలియకే నేను ఐదు వారాలు కాలు కదపకుండా కూర్చోవాల్సి వచ్చింది.

అసలు నేను ఈ పరుగులోకి ఎందుకొచ్చానో ముందు చెప్పాలి. మా అబ్బాయి 31 వారాలకే పుట్టాడు. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 1.34 కోట్ల మంది పిల్లలు అలా పుట్టారు. అంటే పుట్టే ప్రతి పదిమందిలో ఒకరు. ఈ గదిలో కూడా అలాంటి అమ్మానాన్నలు ఉండే ఉంటారు. మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, మాట్లాడుకుందాం.

పుట్టినప్పుడు మావాడి బరువు 1,420 గ్రాములు. 38 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పొద్దున్నే తూకం వేసేవాళ్ళు. ఇంక్యుబేటర్ పక్కన ఒక చార్టు ఉండేది, దాని మీద చుక్క పెట్టి గీత కలిపేవాళ్ళు. నా రోజు ఎలా గడుస్తుందో ఆ చుక్క చెప్పేది. మొదటి వారంలో ఏ బిడ్డయినా బరువు తగ్గుతుంది, నెలలు నిండనివాళ్ళు ఇంకొంచెం ఎక్కువ తగ్గుతారు. మావాడు 1,290కి దిగాడు. మళ్ళీ పుట్టినప్పటి బరువుకి రావడానికే రెండు వారాలు పట్టింది. తర్వాత రోజుకి 20 గ్రాములు, ఒక్కోరోజు 25. నేను ఊపిరి పీల్చుకున్నాను. 19వ రోజున ఇన్ఫెక్షన్ వచ్చింది. పాలు ఆపేశారు, సెలైన్ మీద ఉంచారు. మూడు రోజుల్లో 60 గ్రాములు పోయాయి. అరవై గ్రాములంటే మనకి లెక్కే కాదు. నాకు ఆ వారం ప్రపంచంలో అంతకంటే పెద్ద సంఖ్య లేదు.

నాలుగో రోజు పాలు మళ్ళీ మొదలుపెట్టారు. ఎంతతో మొదలుపెట్టారో తెలుసా? ఆపినప్పటి కొలతకంటే తక్కువతో. నాకు అర్థం కాలేదు. "అదేంటి సిస్టర్, మూడు రోజులు పాలే తాగలేదు కదా, ఎక్కువ పట్టాలి కదా?" అని అడిగాను. ఆవిడ చార్టు మీద చుక్క పెడుతూ, నా వైపు చూడకుండానే, "నిన్నటి పాలు ఇవాళ పట్టరమ్మా. ఆ చిన్న పేగులు తట్టుకోవాలి కదా" అంది. తర్వాత తల తిప్పి చూసి, "మీరు రోజు చూడకండి, వారం చూడండి" అంది.

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోలేదనే అనుకున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత నా కాళ్ళ విషయంలో మర్చిపోయాను.

వాడికి తొమ్మిదేళ్ళు నిండిన నెలలో, అలాంటి పిల్లల వార్డులకి పరికరాలు కొనడానికి డబ్బు సేకరించే పది కిలోమీటర్ల పరుగు ఒకటుందని తెలిసింది. వెంటనే పేరిచ్చేశాను. నా వయసు అప్పుడు 41. స్కూల్లో ఆటల పీరియడ్ తర్వాత నేను పరిగెత్తింది లేదు. మా అమ్మ అయితే "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అనే సామెత చెప్పింది. చుట్టాలు, స్నేహితులు, ఆఫీసువాళ్ళు కలిసి 63 మంది నా పేరు మీద విరాళం ఇస్తామన్నారు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. పక్కనే 16 వారాల శిక్షణ కాగితం. రెండు కాగితాలు పక్కపక్కనే. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడమే నా మొదటి తప్పు.

మొదటి రోజు నాలుగు వందల మీటర్లు పరిగెత్తేసరికి ఆయాసంతో ఆగిపోయాను. గుండె గొంతులోకి వచ్చినట్టుంది. నావల్ల కాదనుకున్నాను. అసలు విషయమేమిటంటే నేను నా వేగంకంటే రెట్టింపు వేగంతో పరిగెత్తాను. కొత్తవాళ్ళందరం ఇదే చేస్తాం. పరుగంటే వేగం అనుకుంటాం. ఎంత వేగం సరైనదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, అంతే. రెండు ముక్కలు మాట్లాడి మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే.

ఇంకొకటి, మధ్యలో నడవడం. నడిస్తే పరుగు కాదని ఎవరైనా అంటే వినకండి. జెఫ్ గాలోవే అని, 1972 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరిగెత్తిన అమెరికా రన్నర్, ఆయన కొత్తవాళ్ళకి నేర్పిందే ఇది. కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్ళీ పరుగు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం. ఈ తేడా చాలా ముఖ్యం. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన తయారుచేసిన తొమ్మిది వారాల ఐదు కిలోమీటర్ల పద్ధతి ఉంది కదా, ప్రపంచమంతా వాడుతున్నారు, అది కూడా ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడకతోనే మొదలవుతుంది. నేనూ అలాగే మళ్ళీ మొదలుపెట్టాను. మూడో వారానికి మూడు నిమిషాలు పరిగెత్తి ఒక నిమిషం నడిచేదాన్ని. ఆయాసం తగ్గింది. నిద్ర బాగా పట్టేది. మావాడు సైకిల్ మీద నా పక్కన వచ్చేవాడు.

ఇక నాలుగో వారం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను.

ఆ వారంలో మూడు పరుగులు తప్పాయి. ఒకరోజు వర్షం, ఒకరోజు ఆఫీసులో రాత్రి ఎనిమిదైంది, ఇంకో రోజు మావాడికి జలుబు. ప్రతిరోజూ గోడ మీద కాగితం చూస్తాను కదా. ఖాళీ గడి. ఖాళీ గడి. ఖాళీ గడి. పక్కనే 63 పేర్లు. వాళ్ళు డబ్బిస్తున్నారు, నేను గడి ఖాళీగా వదిలేశాను. అప్పుపడ్డట్టు అనిపించింది. మీలో ఎంతమందికి అలా అనిపిస్తోంది? తలలు ఊపుతున్నారు, తెలుస్తోంది నాకు.

ఆదివారం పొద్దున్నే లేచి ఆ మూడు పరుగులూ కలిపి ఒకేసారి పరిగెత్తేశాను. అప్పటిదాకా నేను పరిగెత్తిన అన్నిటికంటే ఎక్కువ దూరం నాలుగు కిలోమీటర్లు. ఆ రోజు తొమ్మిది. ఆయాసం రాలేదు, అదే నన్ను మోసం చేసింది. ఇంటికొచ్చి మూడు గడుల్లోనూ టిక్కు పెట్టాను. ఎంత సంతోషమో! సోమవారం మెట్లు దిగుతుంటే ఎడమకాలి ముందు ఎముక మీద, మోకాలికి పాదానికి మధ్యలో, లోపలివైపు నొప్పి. బుధవారం మళ్ళీ పరిగెత్తాను. శుక్రవారం మళ్ళీ. ఆ శుక్రవారం ఇంటికి కుంటుతూ వచ్చాను.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ వేలితో ఎముక పొడవునా నొక్కుతూ వచ్చింది. నొప్పి ఒక పావు అడుగు మేర పరుచుకుని ఉందా, లేక ఒక్కచోటే వేలు పెడితే ప్రాణం పోయేలా ఉందా అని చూస్తున్నానంది. పరుచుకున్న నొప్పి అయితే ఎముక మీద ఒత్తిడి ఎక్కువైందని అర్థం. ఒక్క చుక్క దగ్గర గట్టిగా ఉండి, రాత్రి పడుకున్నప్పుడు కూడా లాగుతుంటే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు, మొదట్లో తీసిన ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు కూడా. అందుకని ఎక్స్‌రే బాగుంది కదా అని పరుగుకి వెళ్ళిపోకండి. అలాంటి నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. నాది రెండో రకం కాదు, కానీ దాని వాకిట్లోకి వచ్చేశానని చెప్పింది.

నేను అడిగాను, "ఆయాసమే లేదు కదండీ, మరి కాలికెందుకు ఇలా అయింది?" అని. ఆవిడ చెప్పింది మీరందరూ వినాలి. గుండె, ఊపిరి త్వరగా నేర్చుకుంటాయి, కొన్ని వారాల్లోనే. ఎముకలూ, కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులూ నెమ్మదిగా నేర్చుకుంటాయి. పరుగులో ఒక్కో అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. అలా బరువు పడ్డచోట ఎముకని గట్టి చేయడానికి శరీరం ఏం చేస్తుందో తెలుసా? ముందు పాత ఎముకని కొద్దిగా తవ్వేస్తుంది. తవ్వాకే కొత్తది పోస్తుంది. తవ్వడం వారాల్లో అయిపోతుంది, పూడ్చి గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే మధ్యలో కొన్నాళ్ళు ఎముక ముందుకంటే బలహీనంగా ఉంటుంది. గోడ బాగుచేస్తామని తవ్వి, ఇంకా సిమెంటు ఆరకముందే దాని మీద బరువు పెట్టినట్టు. నేను సరిగ్గా అప్పుడే తొమ్మిది కిలోమీటర్లు మోపాను. ఊపిరి సరే అంది, ఎముకని నేను అడగనేలేదు.

పరుగుని వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదనే నియమం మీరు వినే ఉంటారు. దాని గురించి ఒక మాట. నెదర్లాండ్స్‌లో ఐదు వందల మందికి పైగా కొత్త రన్నర్ల మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. సగం మందికి పరుగుని పది శాతం చొప్పున నెమ్మదిగా పెంచారు, మిగతా సగానికి మామూలు శిక్షణ. రెండు గుంపుల్లోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి దెబ్బ తగిలింది. తేడా లేదు. మరి ఏది ముఖ్యం? 2025లో ఐదువేల మందికి పైగా రన్నర్లని గమనించిన ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో తేలిందేమిటంటే, వారం మొత్తంకంటే ఒక్క పరుగు ముఖ్యం. గత 30 రోజుల్లో మీరు పరిగెత్తిన అతి పొడవైన పరుగుకంటే పది శాతానికి మించి ఒక్కసారిగా ఎక్కువ పరిగెడితే దెబ్బ తగిలే అవకాశం పెరుగుతోంది. నాది నాలుగు నుంచి తొమ్మిది. మీరే లెక్క వేసుకోండి.

ఐదు వారాలు పరుగు లేదు. నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, మడమలు పైకెత్తి దించే వ్యాయామం రోజూ చెయ్యాలి, అంతే. మొదటి వారం నేను బాగా ఏడ్చాను. దాచుకోవాల్సిందేం లేదు. 63 మందికి మొహం ఎలా చూపించాలని ఏడుపు.

రెండో వారంలో అందరికీ నిజం రాశాను. కాలికి దెబ్బ తగిలింది, ఆ రోజుకి పరిగెత్తగలనో లేదో తెలియదు, నడిచే పూర్తి చేస్తానేమో, అసలు మొదలే పెట్టలేనేమో, మీరు విరాళం వెనక్కి తీసుకున్నా నేనేమీ అనుకోను అని. ఆ మెసేజ్ పంపడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఎంతమంది వెనక్కి తీసుకున్నారో చెప్పండి? ఒక్కరు కూడా లేరు. మా పిన్ని ఫోన్ చేసి, "నువ్వు పరిగెడతావని ఇచ్చామా తల్లీ, ఆ పిల్లలకి ఇచ్చాం. కాలు చూసుకో" అంది. అప్పుడు లేచి గోడ మీది రెండు కాగితాల్లో ఒకటి తీసి వేరే గదిలో అంటించాను. 63 మందికి నేను ఇచ్చిన మాట వేరు, నా కాలికి నేను రాసుకున్న కాగితం వేరు. ఒకదాని అప్పు ఇంకోదానితో తీర్చబోయాను నేను.

ఇక్కడ టెర్రీ ఫాక్స్ గురించి చెప్పకుండా ఉండలేను. కెనడా అబ్బాయి. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు, అప్పటికి 18 ఏళ్ళు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు మొదలుపెట్టాడు, క్యాన్సర్ పరిశోధనకి డబ్బు కోసం. రోజుకి దాదాపు ఒక మారథాన్ దూరం. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు. సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు, క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. దేశం దాటలేదు. తర్వాతి ఏడాది జూన్‌లో చనిపోయాడు, 22 ఏళ్ళకి. ఆయన పట్టుదల గురించి అందరూ చెప్తారు. నేను చెప్పేది ఆగిపోయిన తర్వాత సంగతి. ప్రతి కెనడా మనిషి నుంచీ ఒక డాలరు రావాలని ఆయన కోరిక. ఆయన ఆగిపోయాక, 1981 ఫిబ్రవరి మొదటికి, 2.4 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి జనాభా అంత. పరుగు పూర్తి కాలేదని ఎవరూ డబ్బు ఆపలేదు.

ఫౌజా సింగ్ గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. 2000లో లండన్ మారథాన్‌లో మొదటిసారి పరిగెత్తినప్పుడు ఆయనకి 89 ఏళ్ళంటారు. ఎవరి కోసం పరిగెత్తారో తెలిసిన రోజు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం.

సరే, మళ్ళీ నా కాలి దగ్గరికొద్దాం. పదో వారంలో ఫిజియో పరిగెత్తమంది. ఎంతసేపు? ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు. ఆపినప్పటికంటే తక్కువ! అప్పుడు గుర్తొచ్చింది నాకు సిస్టర్ చార్టు మీద చుక్క పెడుతూ అన్న మాట. రోడ్డు మీదే నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళ కిందట నా బిడ్డ విషయంలో ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాను. ఆ చిన్న పేగుల మీద నాకు జాలి కలిగింది. నా కాలి ఎముక మీద ఎందుకు కలగలేదు?

పన్నెండో వారంలో జ్వరం వచ్చింది. ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ దయచేసి గుర్తుంచుకోండి. జ్వరం ఉన్నప్పుడు, ఒళ్ళు నొప్పులు, ఛాతీలో ఇబ్బంది ఉన్నప్పుడు పరిగెత్తకూడదు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ సమయంలో పరిగెడితే ప్రమాదం. నేను ఎనిమిది రోజులు ఆగాను. ఎనిమిది రోజులు ఖాళీ గడులే. ఈసారి వాటిలో టిక్కు పెట్టలేదు, గుండ్రంగా సున్నా చుట్టి వదిలేశాను. తొమ్మిదో రోజు ఎక్కడ ఆపానో దానికి కాస్త వెనక నుంచి మొదలుపెట్టాను. తప్పినవి తప్పాయి.

పరుగు రోజు వచ్చేసరికి నేను ఆపకుండా చేసిన అతి పెద్ద దూరం ఏడున్నర కిలోమీటర్లు, అదీ నడకతో కలిపి. పది పూర్తి చెయ్యగలనని నాకు గ్యారంటీ లేదు. ఫిజియో ఒక మాట చెప్పి పంపింది, ఏడున్నర దాటాక పరుగు తగ్గించి నడక పెంచమని. అందరికంటే వెనక వరసలో నిలబడ్డాను. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మొదటి కిలోమీటర్‌లోనే వందలమంది నన్ను దాటి వెళ్ళిపోయారు. ఏడో కిలోమీటర్ దగ్గర ఎడమకాల్లో ఆ పాత నొప్పి పలకరించింది. పక్కకెళ్ళి ఆగి, వేలితో ఎముక మీద నొక్కి చూసుకున్నాను. ఒక్కచోట పొడవలేదు, అయినా అక్కడి నుంచి పరుగు మానేసి చివరిదాకా నడిచాను. గంటా 38 నిమిషాలు.

ఆ వారం నేను కలిసిన 63 మందిలో ఎంతసేపు పట్టిందని ఎవరైనా అడుగుతారేమో అని ఎదురుచూశాను. మావాడొక్కడే అడిగాడు.

వాడి చార్టు నా దగ్గర ఇంకా ఉంది. డిశ్చార్జ్ రోజున అడిగి తెచ్చుకున్నాను. నా 16 వారాల కాగితం కూడా తెచ్చాను ఇవాళ, రెండూ ఈ బల్ల మీద పెడుతున్నాను. వెళ్ళేముందు ఒకసారి చూడండి. చార్టులో 19వ రోజు దగ్గర గీత కిందికి దిగుతుంది, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ లేస్తుంది, కానీ నిటారుగా లేవదు, ముందు ఎలా ఎక్కుతోందో అలాగే ఎక్కుతుంది. 38వ రోజు దగ్గర 1,880 అని రాసి ఉంటుంది, అది సిస్టర్ చేతిరాత. నా కాగితంలో నాలుగో వారం ఆదివారం దగ్గర మూడు టిక్కులు కనపడతాయి. వాటిని నేను కొట్టెయ్యలేదు, అలాగే ఉంచాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. నొప్పి ఉన్నవాళ్ళు ముందు.